పక్క దేశం అప్పు కట్టలేనంటే మనకు తగిలే దెబ్బ ఎంత? అంచనా వేసే పద్ధతి

ఒక దేశం అప్పుల విషయంలో చేతులెత్తేసిందన్న వార్త రాగానే అందరి కళ్లూ ఒక్క అంకె మీద పడతాయి: మొత్తం అప్పు ఎంత? జీడీపీలో ఎంత శాతం? పక్క దేశాలకు ఏమవుతుందో తెలుసుకోవాలంటే మాత్రం ఈ అంకె దాదాపు దండగ.

గ్రీస్ సంగతే చూడండి. 2012 మార్చిలో ఆ దేశం తన బాండ్ల (ప్రభుత్వ అప్పు పత్రాల) మీద ప్రైవేటు రుణదాతలకు ముఖ విలువలో సగానికి పైగా కోత పెట్టింది. ఏడాది తిరిగేసరికి సైప్రస్‌లో బ్యాంకులు మూతపడ్డాయి. అదే గ్రీస్‌తో సరిహద్దు పంచుకునే బల్గేరియాలో బ్యాంకింగ్ ఆస్తుల్లో పావు వంతు దాకా గ్రీక్ యాజమాన్యం కింద ఉన్న బ్యాంకులవే, అయినా అక్కడ ఏ పెద్ద బ్యాంకూ గ్రీస్ వల్ల కుప్పకూలలేదు. అప్పు ఒకటే, సంక్షోభం ఒకటే, ఇద్దరు పొరుగువాళ్లకు రెండు రకాల ఫలితం. కాబట్టి ఆ దేశానికీ మీ దేశానికీ మధ్య డబ్బు ఏయే దారుల్లో నడుస్తోంది అన్నది ముందు చూడాలి. నేనైతే ఈ వరుసలో చూస్తాను: బ్యాంకులు, చెల్లింపులు, సరుకు, దారులు, మనుషులు. చాలాసార్లు దెబ్బ తగిలే వరుస కూడా ఇంచుమించు ఇదే. పేపర్లలో మాత్రం ఎగుమతులు పడిపోతాయన్న మాటే మొదట వస్తుంది, ఎందుకంటే ఆ అంకెలు సులువుగా దొరుకుతాయి.

మొదట: ఆ అప్పు ఏ కరెన్సీలో ఉంది, ఎవరికి బాకీ

జపాన్ ప్రభుత్వ అప్పు ఆ దేశ జీడీపీకి రెండింతలకు పైనే. అయినా అది సొంత కరెన్సీలో, ఎక్కువగా సొంత జనానికీ సంస్థలకూ ఉన్న బాకీ కాబట్టి పక్క దేశాలు దాని గురించి నిద్ర మానుకోవు. శ్రీలంక 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు దాని విదేశీ అప్పు 51 బిలియన్ డాలర్ల దగ్గర ఉంది. జపాన్ ముందు అది చాలా చిన్న మొత్తం, కానీ కట్టాల్సింది డాలర్లలో, ఆ డాలర్లు అచ్చు వేసుకునేవి కావు.

సొంత కరెన్సీలో అప్పు చేసిన దేశం ఇరుక్కుంటే నోట్లు అచ్చేస్తుంది, ధరలు పెరుగుతాయి, కరెన్సీ పడుతుంది. పొరుగువాళ్లకు ఆ దెబ్బ మారకపు రేటు రూపంలో వస్తుంది. డాలర్లలో అప్పు చేసిన దేశం దిగుమతులు ఆపేస్తుంది కాబట్టి దానికి సరుకు అమ్మేవాళ్లకు నొప్పి. గ్రీస్‌ది మూడో రకం, యూరో వాడుతుంది కాబట్టి అచ్చు వేసుకోలేదు, విలువ తగ్గించుకోలేదు, అందుకే ఒత్తిడంతా బ్యాంకుల మీద పడింది. మీ పొరుగు దేశం ఈ మూడింటిలో ఏ కోవలోకి వస్తుందో తేలితే మిగతా చోట ఏం వెతకాలో చాలావరకు తెలిసిపోతుంది.

బ్యాంకులు: ఇక్కడ ఎక్కువసేపు ఆగండి

నాలుగు ప్రశ్నలున్నాయి. మన బ్యాంకుల దగ్గర వాళ్ల బాండ్లు ఉన్నాయా? వాళ్ల జనం మన బ్యాంకుల్లో డబ్బు దాచుకున్నారా? మన జనం వాళ్ల బ్యాంకుల్లో దాచుకున్నారా? మన బ్యాంకులకు యజమానులు వాళ్లేనా? నాలుగింటికీ నాలుగు రకాల ప్రమాదాలు, ఒకదానితో ఇంకొకటి కలిపేయకూడదు.

మొదటిదానికి సైప్రస్ ఉదాహరణ. అక్కడి రెండు పెద్ద బ్యాంకులు, బ్యాంక్ ఆఫ్ సైప్రస్, లైకీ, గ్రీక్ బాండ్ల మీద వచ్చే కాస్త ఎక్కువ వడ్డీకి ఆశపడి వాటిని దండిగా కొన్నాయి. బాండ్లకు కోత పడగానే సుమారు 4.5 బిలియన్ యూరోలు పోయాయి. ఆ దేశపు ఏడాది జీడీపీలో దాదాపు పావు వంతు అది. గ్రీస్‌లో ఇచ్చిన అప్పులు మొండి బాకీలు కావడం దీనికి అదనం. 2013 మార్చి మధ్యలో మూసిన బ్యాంకులు 28న గానీ తెరుచుకోలేదు. లైకీని పూర్తిగా మూసేశారు, లక్ష యూరోలు దాటి డిపాజిట్లున్నవాళ్లు భారీగా నష్టపోయారు. సైప్రస్ గ్రీస్‌కు ఎంత సరుకు ఎగుమతి చేస్తోందో చూసి ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పగలిగేవాళ్లు కాదు.

రెండోదానికి ఉరుగ్వే. ఇది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే కేసు, ఎందుకంటే ఉరుగ్వే బ్యాంకులు మునిగింది అర్జెంటీనాకు అప్పిచ్చి కాదు. అర్జెంటీనా జనం దశాబ్దాలుగా తమ డాలర్లను నది అవతల మాంటెవీడియోలో దాచుకునేవాళ్లు, అది వాళ్లకు భద్రమైన చోటు. 2001 డిసెంబర్ మొదట్లో అర్జెంటీనా ప్రభుత్వం బ్యాంకు ఖాతాల నుంచి వారానికి 250 పెసోలకు మించి నగదు తీయకూడదంది, అదే నెలలో అప్పుల చెల్లింపూ ఆపేసింది. సొంత ఊళ్లో డబ్బు బిగుసుకుపోయిన జనం అవతల దాచింది తీసుకోవడం మొదలుపెట్టారు. అది చూసి ఉరుగ్వే వాళ్లకూ టెన్షన్ పట్టుకుంది. 2002 జులై చివరికి ఆ దేశ బ్యాంకుల నుంచి 40 శాతానికి పైగా డిపాజిట్లు వెళ్లిపోయాయి, జులై 30న బ్యాంకులకు సెలవు ప్రకటించాల్సి వచ్చింది, చివరికి అమెరికా ఖజానా నుంచి 1.5 బిలియన్ డాలర్ల తాత్కాలిక అప్పు వస్తే గానీ మళ్లీ తలుపులు తీయలేకపోయారు. పక్కవాళ్లు మనల్ని నమ్మి డబ్బు దాచుకోవడం మంచి రోజుల్లో గొప్పగానే ఉంటుంది.

మూడోది లెబనాన్, సిరియా. యుద్ధం, ఆంక్షల మధ్య సిరియా వ్యాపారులు దిగుమతులకు కావాల్సిన డాలర్లు బీరూట్ బ్యాంకుల్లో పెట్టుకునేవాళ్లు. 2019 చివర్లో లెబనాన్ బ్యాంకులు డాలర్లు ఇవ్వడం దాదాపు ఆపేశాయి, 2020 మార్చిలో ప్రభుత్వం బాండ్ల చెల్లింపు ఎగ్గొట్టింది. సిరియన్ల డబ్బు అక్కడే ఇరుక్కుపోయింది, సిరియన్ పౌండ్ కూడా వేగంగా పడిపోయింది.

ఇక నాలుగోది, బల్గేరియా. పేరు గ్రీక్ బ్యాంకుదే అయినా స్థానిక అనుబంధ సంస్థలు స్థానిక డిపాజిట్ల మీదే నడిచాయి, వాటి దగ్గర గ్రీక్ బాండ్లు పెద్దగా లేవు, బల్గేరియా ప్రభుత్వానికి సొంత అప్పు కూడా తక్కువ. అప్పులివ్వడం నెమ్మదించింది, కొన్ని బ్యాంకులు తర్వాత చేతులు మారాయి, అంతకుమించి పోలేదు. యాజమాన్యం ఎవరిదన్న దానికంటే ఆ బ్యాంకు పుస్తకాల్లో ఏముందన్నదే ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ సమాచారం ఎక్కడ దొరుకుతుంది? బ్యాంకుల వార్షిక నివేదికల చివర నోట్స్‌లో ఏ దేశంలో ఎంత ఇరుక్కుని ఉందో రాస్తారు, ఓపిగ్గా చదవాలి. బాసెల్‌లోని బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ మూడు నెలలకోసారి ఏ దేశ బ్యాంకులు ఏ దేశానికి ఎంత అప్పిచ్చాయో లెక్కలు ఇస్తుంది. యూరప్‌లో అయితే 2011లో బ్యాంకుల ఒత్తిడి పరీక్షల (గడ్డు రోజులను తట్టుకోగలవా అని చూసేవి) ఫలితాలతో పాటు ఏ బ్యాంకు దగ్గర ఏ దేశపు బాండ్లున్నాయో కూడా బయటపెట్టారు. అంటే సైప్రస్ కథ రహస్యంగా ఏమీ జరగలేదు, చూడాలనుకున్నవాళ్లకు కనిపిస్తూనే ఉంది.

చెల్లింపులు: కొనేవాడి దగ్గర డబ్బుంది, దేశం దగ్గర డాలర్లు లేవు

ఎగుమతి చేసేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. "నా కస్టమర్ పాతవాడు, మంచివాడు, ఇరవై ఏళ్లుగా టైముకి కడుతున్నాడు" అంటారు. నిజమే కావచ్చు, అతను తన బ్యాంకులో తన కరెన్సీలో డబ్బు కట్టేసి కూడా ఉండవచ్చు. ఆ డబ్బును డాలర్లుగా మార్చి బయటికి పంపడానికి బ్యాంకు దగ్గర డాలర్లు లేకపోతే మీ బిల్లు అలాగే ఉండిపోతుంది. ఇది కొనేవాడి రిస్క్ కాదు, దేశం రిస్క్, కస్టమర్ మంచితనం దీనికి మందు కాదు.

అందుకే విదేశీ మారక నిల్వలు చూడాలి, అదీ మొత్తం కాదు, వాడుకోగలిగినవి. మూడు నెలల దిగుమతులకు సరిపడా నిల్వలుండాలన్నది పాత లెక్క. 2022 మే మొదట్లో శ్రీలంక అధికారిక నిల్వలు 1.8 బిలియన్ డాలర్ల దరిదాపుల్లో ఉన్నట్టు కాగితం మీద కనిపించేవి. కానీ అందులో ఎక్కువ భాగం చైనా కేంద్ర బ్యాంకుతో చేసుకున్న కరెన్సీ మార్పిడి ఒప్పందం తాలూకు యువాన్లు, వాటిని వాడుకోవడానికి షరతులున్నాయి. నిజంగా చేతిలో ఆడేది 50 మిలియన్ డాలర్ల కంటే తక్కువని అప్పటి ఆర్థిక మంత్రే పార్లమెంటులో చెప్పారు. ఒక దేశానికి 50 మిలియన్లంటే ఒకటి రెండు నౌకల ఇంధనం.

దేశాల మధ్య ఉమ్మడి చెల్లింపుల ఏర్పాట్లు ఉంటే అవి కూడా చూడండి. దక్షిణాసియాలో ఏషియన్ క్లియరింగ్ యూనియన్ అని ఉంది, సభ్య దేశాల కేంద్ర బ్యాంకులు తమ మధ్య బాకీలను రెండు నెలలకోసారి కలిపి తేల్చుకుంటాయి. ఒకరు కట్టలేకపోతే ఆ బాకీ వ్యాపారుల నుంచి కేంద్ర బ్యాంకుల మీదికి వస్తుంది. 2022 జులైలో శ్రీలంకతో వ్యాపారాన్ని ఈ యూనియన్ బయట తేల్చుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అనుమతి ఇచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకోండి.

చెల్లింపులు బిగుసుకుంటున్నాయని ముందే తెలిపే గుర్తులు కొన్ని ఉంటాయి. సరుకు కాగితాలు చూపితే డబ్బు కడతానని అక్కడి బ్యాంకు రాసిచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ)కు బయటి బ్యాంకులు హామీ ఇవ్వడానికి వెనకాడతాయి. అధికారిక మారకపు రేటుకీ బయట మార్కెట్ రేటుకీ మధ్య తేడా పెరుగుతుంది. దిగుమతులకు కొత్తగా లైసెన్సులు అడుగుతారు. ఎగుమతి ద్వారా వచ్చిన డాలర్లను ఇన్ని రోజుల్లో బ్యాంకుకు అప్పగించాలని అక్కడి కంపెనీలకు ఆదేశాలొస్తాయి. ఈ నాలుగింటిలో రెండు కనిపిస్తే బాకీ మీద సరుకు పంపడం ఆపేయండి. ముందుగా సగమో మొత్తమో డబ్బు తీసుకోండి, లేదా మూడో దేశపు గట్టి బ్యాంకు హామీ ఉన్న ఎల్‌సీ అడగండి. ఎగుమతి రుణ బీమా (కొన్నవాళ్ల నుంచి డబ్బు రాకపోతే ఆదుకునేది) తీసుకోవాలంటే గొడవ మొదలు కాకముందే తీసుకోవాలి, వార్తల్లోకి వచ్చాక బీమా సంస్థలు ఆ దేశానికి కవర్ తగ్గిస్తాయి, లేదా అసలు ఇవ్వవు.

గ్రీస్‌లో 2015 జూన్ చివర ఏటీఎంలో రోజుకు 60 యూరోల పరిమితి పెట్టినప్పుడు విదేశాలకు చెల్లింపులు పంపాలన్నా అనుమతులు కావాల్సి వచ్చింది. కరెన్సీ యూరోనే, అయినా గ్రీస్ బ్యాంకులోని యూరో వేరు, బయటి యూరో వేరు అన్నట్టు తయారైంది. చాలా గ్రీక్ కంపెనీలు పక్కనే బల్గేరియాలో ఖాతాలు తెరుచుకున్నది అందుకే.

సరుకు: మొత్తం శాతం కాదు, ఏ వస్తువు, ఏ ప్రాంతం

2021-22లో భారత్ నుంచి శ్రీలంకకు ఎగుమతులు సుమారు 5.8 బిలియన్ డాలర్లు, మరుసటి ఏడాది 5.1 బిలియన్ల దగ్గరికి తగ్గాయి. భారత్ మొత్తం ఎగుమతులు 400 బిలియన్లు దాటిన రోజుల్లో ఇది లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ శ్రీలంక 2020లోనే వాహనాల దిగుమతి ఆపేసింది, సొంతానికి వాడే కార్లకు మళ్లీ అనుమతి వచ్చింది 2025లో. ఆ మార్కెట్ మీద ఆధారపడిన వాహన కంపెనీకి ఇది ఒక శాతం కథ కాదు, ఐదేళ్లు మూతపడిన దుకాణం. డాలర్లు తగ్గిన దేశం దిగుమతులు కోసే వరుస దాదాపు ఎక్కడైనా ఒకటే: ముందు వాహనాలు, ఎలక్ట్రానిక్స్, సౌందర్య సాధనాలు, తర్వాత నిర్మాణ సామగ్రి, యంత్రాలు, చివరగా తిండి, మందులు, ఇంధనం. మీ వస్తువు ఈ వరుసలో ఎక్కడుందో చూసుకుంటే చాలు, మొత్తం వాణిజ్య లెక్కలతో పని లేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ 5.1 బిలియన్లలో కొంత భాగం భారత్ తానే ఇచ్చిన అప్పుతో కొన్న సరుకు. 2022లో తిండి, మందుల వంటి అవసరాలకు 1 బిలియన్ డాలర్లు, ఇంధనానికి మరో 500 మిలియన్ల రుణ సదుపాయాలు భారత్ ఇచ్చింది. కాబట్టి పొరుగు దేశానికి మన ఎగుమతులు పెద్దగా తగ్గలేదన్న అంకె చూసి ఊపిరి పీల్చుకునే ముందు, ఆ సరుకుకు డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందో అడగండి.

కొలంబియా, వెనెజువెలా మధ్య జరిగింది ఇంకా తీవ్రం. 2008లో కొలంబియా అటు పంపిన సరుకు విలువ 6 బిలియన్ డాలర్లకు పైనే, 2019కి అది 200 మిలియన్ల లోపుకు వచ్చింది. ఇందులో రెండు ప్రభుత్వాల రాజకీయ తగాదాలు, సరిహద్దు మూసివేతలు కూడా ఉన్నాయి కాబట్టి మొత్తం నేరం అప్పుల మీద వేయలేం. దేశం మొత్తంగా కొలంబియా తట్టుకుంది, సరిహద్దు పట్టణం కూకూటా మాత్రం తట్టుకోలేక సతమతమైంది.

ఇక కరెన్సీ పడినప్పుడు వచ్చే దెబ్బ. 1999 జనవరిలో బ్రెజిల్ తన కరెన్సీ రేటును పట్టి ఉంచడం మానేసి మార్కెట్‌కు వదిలేసింది, దాని విలువ పడిపోయింది. పక్కనున్న అర్జెంటీనా 1991 నుంచి ఒక పెసోకి ఒక డాలర్ అని చట్టం చేసుకుని కూర్చుంది. రాత్రికి రాత్రి బ్రెజిల్ వస్తువులు చౌకయ్యాయి, అర్జెంటీనావి ఖరీదయ్యాయి, కొన్ని ఫ్యాక్టరీలు సరిహద్దు దాటి బ్రెజిల్ వెళ్లిపోయాయి. అర్జెంటీనా 2001లో కూలడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి, ఆ కూలడం ఉరుగ్వే బ్యాంకులను ఖాళీ చేసింది. ఒకరి సంక్షోభం నుంచి రెండోవాడికి, రెండోవాడి నుంచి మూడోవాడికి, ఈ గొలుసుకు మూడేళ్లకు పైగా పట్టింది. మీ దేశం మారకపు రేటును గట్టిగా కట్టేసి ఉంచితే, పొరుగువాడి కరెన్సీ పడటాన్ని తేలిగ్గా తీసుకోకండి.

కొన్నిసార్లు లాభమూ ఉంటుంది, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా. శ్రీలంక 2021లో రసాయన ఎరువులు నిషేధించి, ఆపైన సంక్షోభంలో పడి తేయాకు దిగుబడి తగ్గినప్పుడు, అదే రకం టీ కొనే విదేశీ వ్యాపారులు భారత్ వైపు చూశారు. మూడో దేశపు మార్కెట్లో మీరూ పొరుగువాళ్లూ పోటీదారులైతే ఈ కోణం కూడా లెక్క వేయండి.

దారులు, రేవులు

దీనిమీద ఎక్కువ చెప్పక్కర్లేదు. పొరుగు దేశం మీ సరుకుకు దారి అయితే, వాళ్ల ఇంధనం కొరత మీ కొరత అవుతుంది. కొలంబో రేవులో చేతులు మారే కంటైనర్లలో పెద్ద భాగం భారత్‌కు వచ్చిపోయేవే, అందుకే అక్కడ లారీలకు డీజిల్ దొరకని రోజుల్లో షిప్పింగ్ వాళ్లు ఆందోళన పడ్డారు. విమాన ఇంధనం లేక కొలంబో విమానాలు తిరువనంతపురం, చెన్నైలలో దిగి ఇంధనం నింపుకొన్నాయి కూడా. సముద్రం లేని దేశాలకు ఈ విషయం ఇంకా పెద్దది, వాళ్లు ముందుగా రెండో దారి చూసి పెట్టుకోవాలి.

మనుషులు

వెనెజువెలా వదిలి బయటికి వెళ్లినవాళ్లు 70 లక్షలకు పైనే, వాళ్లలో 28 లక్షల మంది దాకా కొలంబియాలోనే ఆగారు. బడులు, ఆసుపత్రుల మీద ఖర్చు వెంటనే పెరుగుతుంది, వచ్చినవాళ్ల పనివల్ల కలిగే మేలు కనిపించడానికి ఏళ్లు పడుతుంది. దీనికి తిరగేసిన బొమ్మ అల్బేనియా: 1990ల నుంచి లక్షలాది మంది గ్రీస్‌లో కూలి పనులు చేసి ఇంటికి డబ్బు పంపేవాళ్లు, గ్రీస్‌లో నిర్మాణ పనులు ఆగిపోగానే ఆ పంపకాలు తగ్గాయి, చాలామంది తిరిగొచ్చేశారు. ఇలాంటి చోట ఎగుమతుల లెక్కలో ఏమీ కనిపించకపోయినా ఊళ్లలో కొనుగోళ్లు పడిపోతాయి.

భయం ఒక్కటే సరిహద్దులు చూడదు

1982 ఆగస్టులో మెక్సికో కట్టలేనంది. తర్వాత లాటిన్ అమెరికా మొత్తానికి బ్యాంకులు అప్పులు బిగించాయి, మెక్సికోతో పెద్దగా వ్యాపారం లేని దేశాలకు కూడా. 1997లో థాయ్‌లాండ్ బాట్ పడినప్పుడూ ఇదే జరిగింది, అక్కడ గొడవ ప్రభుత్వ అప్పుది కాదు, ప్రైవేటు అప్పులదే అయినా. పెట్టుబడిదారులు దేశాలను గుంపులుగా చూస్తారు. మీ దేశం ఆ గుంపులో ఉండి, ఏడాదిలోపు కట్టాల్సిన విదేశీ అప్పు ఎక్కువుండి, నిల్వలు తక్కువుంటే తప్పు లేకున్నా వడ్డీ పెరుగుతుంది. గట్టి దేశమైతే ఉల్టా జరుగుతుంది: గ్రీస్ భయంతో జనం జర్మనీ బాండ్లు ఎగబడి కొన్నారు, 2012లో రెండేళ్ల జర్మన్ బాండ్ల మీద రాబడి సున్నా కంటే దిగువకు పోయింది, అంటే జర్మనీకి అప్పిచ్చి ఎదురు డబ్బులు కట్టినట్టే.

మళ్లీ సరుకు పంపడం ఎప్పుడు మొదలుపెట్టాలి

అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)తో ఒప్పందం కుదిరిందన్న హెడ్‌లైన్ చూసి తొందరపడకండి. ముందు సిబ్బంది స్థాయి ఒప్పందం ఉంటుంది, తర్వాత రుణదాతల నుంచి హామీలు, ఆ తర్వాతే బోర్డు ఆమోదం, అప్పుడే మొదటి డబ్బు. శ్రీలంకకు సిబ్బంది స్థాయి ఒప్పందం 2022 సెప్టెంబర్‌లో, బోర్డు ఆమోదం 2023 మార్చిలో. పాత బాండ్ల స్థానంలో కొత్తవి ఇచ్చే మార్పిడి పూర్తయ్యేసరికి 2024 డిసెంబర్ వచ్చింది. అలాగని చివరిదాకా ఆగక్కర్లేదు, అప్పుల బేరం నడుస్తుండగానే వ్యాపారం తేరుకుంటుంది. బయటి బ్యాంకులు ఆ దేశపు ఎల్‌సీలకు మళ్లీ హామీ ఇస్తున్నాయా, నిషేధించిన వస్తువుల జాబితా కుదించుకుపోతోందా, రెండు మారకపు రేట్ల మధ్య తేడా తగ్గిందా, ఇవి చూసుకుని చిన్న చిన్న కన్సైన్‌మెంట్లతో మొదలుపెట్టండి. పాత బాకీ ఉంటే, కొనేవాడు తన బ్యాంకులో స్థానిక కరెన్సీలో డబ్బు జమ చేసినట్టు రాతపూర్వక రుజువు ఇప్పుడే తీసి పెట్టుకోండి. కరెన్సీ పడిపోయిన నష్టం ఎవరు భరించాలన్నది కూడా అందులోనే రాయించుకోండి, డాలర్లు వచ్చిన రోజున గొడవ మొదలయ్యేది దానిమీదే.